మోలార్ ద్రవ్యరాశి లెక్కింపు: రాయలసీమ నేలల్లో జిప్సం, జింకు సల్ఫేటు మోతాదుల నిర్ణయం

కర్నూలు, కడప ప్రాంతాల రైతు వాడే రసాయన లవణాలను ఒకచోట చేర్చి చూస్తే వాటిలో సల్ఫేటులు ఎక్కువగా కనిపిస్తాయి. వేరుశనగకు జిప్సం, వరికి జింకు సల్ఫేటు, సున్నం అధికంగా ఉన్న నేలల్లో పాలిపోయిన ఆకులకు అన్నభేది, తెగుళ్ళ నివారణకు మైలుతుత్తం వాడుతున్నారు. ఈ నాలుగింటికీ ఒక సమాన లక్షణం ఉంది. చేతికి పొడిగా తగిలినా వీటి స్ఫటికాల్లో నీరు ఇమిడి ఉంటుంది. మనం సంచిని తూచినప్పుడు ఆ నీటినీ తూస్తున్నాము. మోతాదు లెక్కించేటప్పుడు మాత్రం చాలాసార్లు దానిని మరచిపోతున్నాము.

సమ్మేళనం మోలార్ ద్రవ్యరాశిని లెక్కించడం ఇంటర్మీడియెట్ తరగతిలోనే నేర్చుకునే విషయం. వ్యవసాయ పట్టభద్రులు దానిని పరీక్షలో మార్కులు తెచ్చే ప్రశ్నగా భావించి తరువాత వదిలివేస్తుంటారు. ఆ చిన్న లెక్క తప్పితే చౌడు నేలలో ఎకరాకు తొమ్మిది సంచుల జిప్సం తక్కువ పడవచ్చు. పైరుపై చల్లే ద్రావణం ఒకటిన్నర రెట్లు గాఢమై ఆకు మాడవచ్చు. ఈ లెక్కను మొదటి నుండి చేసి, మన నేలలకు అన్వయించి చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. గింజల లెక్క, తూకం లెక్క

మోలు అనే భావన వ్యవసాయ శాస్త్రం చదివినవారికి కొత్తది కాదు. వేరుశనగను 30 సెం.మీ. × 10 సెం.మీ. దూరంలో విత్తితే ఎకరాకు సుమారు 1,35,000 మొక్కలు ఉండాలి. మనకు కావలసినది గింజల సంఖ్య, కాని విత్తనాన్ని కొనేది తూకంలో. ఈ రెండింటినీ కలిపేది వంద గింజల బరువు. అది 40 గ్రాములైతే ఎకరాకు 54 కిలోల గింజలు సరిపోతాయి. 55 గ్రాములైతే 74 కిలోలు కావాలి. రెండు సందర్భాల్లోనూ మొక్కల సంఖ్య ఒకటే, తూకం మాత్రం మారింది.

రసాయన చర్యలు కూడా సంఖ్యలోనే జరుగుతాయి. మట్టి రేణువును అంటిపెట్టుకున్న రెండు సోడియం అయాన్లను తొలగించడానికి ఒక కాల్షియం అయాన్ కావాలి. అక్కడ ప్రకృతి కిలోలను చూడదు, అయాన్లను లెక్కపెడుతుంది. అయాన్లను మనం లెక్కపెట్టలేము కాబట్టి తూచక తప్పదు. 6.02214076 × 10²³ కణాల సమూహాన్ని ఒక మోలు అంటారు. 2019 మే 20 నుండి అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం మోలుకు ఈ సంఖ్యే నిర్వచనం. ఒక మోలు పదార్థం బరువు గ్రాములలో ఎంతో, అదే దాని మోలార్ ద్రవ్యరాశి. విత్తన శాస్త్రంలో వంద గింజల బరువు చేసే పనినే రసాయన శాస్త్రంలో మోలార్ ద్రవ్యరాశి చేస్తుంది.

ఈ లెక్కకు స్థిరమైన పునాది ఏర్పడడానికి కొంత కాలం పట్టింది. 19వ శతాబ్ది మధ్యకాలం వరకు నీటి అణువులో హైడ్రోజన్ పరమాణువులు ఎన్ని అన్న దానిపై కూడా రసాయన శాస్త్రజ్ఞులకు ఏకాభిప్రాయం లేదు. 1860లో జర్మనీలోని కార్ల్‌స్రూలో జరిగిన సమావేశంలో ఇటలీ శాస్త్రవేత్త స్టానిస్లావో కన్నిజారో పరమాణు, అణుభారాలను వేరుచేసి నిర్ణయించే పద్ధతిని వివరించాడు. నేడు మన పుస్తకాల్లో ఉన్న పరమాణు భారాల పట్టిక ఆ స్పష్టత నుండి వచ్చినదే.

2. లెక్కించే విధానం: జిప్సం

లెక్కలో మూడు మెట్లు ఉన్నాయి. సమ్మేళనంలో ఏ మూలకానికి చెందిన పరమాణువులు ఎన్ని ఉన్నాయో రాసుకోవాలి. ఒక్కొక్క సంఖ్యను ఆ మూలకం పరమాణు భారంతో గుణించాలి. వచ్చిన లబ్ధాలను కూడాలి.

జిప్సం అంటే కాల్షియం సల్ఫేటు ఒక్కటే కాదు. ప్రతి కాల్షియం సల్ఫేటుతో రెండు నీటి అణువులు స్ఫటికంలో బంధింపబడి ఉంటాయి. కాబట్టి లెక్క ఇలా సాగుతుంది.

కాల్షియం: 1 × 40.08 = 40.08
గంధకం: 1 × 32.06 = 32.06
సల్ఫేటులోని ఆక్సిజన్: 4 × 16.00 = 64.00
ఇంతవరకు మొత్తం (నిర్జల కాల్షియం సల్ఫేటు): 136.14
స్ఫటిక జలం: 2 × 18.016 = 36.03
జిప్సం మోలార్ ద్రవ్యరాశి: మోలుకు 172.17 గ్రాములు

దీని నుండి పోషకాల శాతం నేరుగా తెలుస్తుంది. కాల్షియం 40.08ని 172.17తో భాగించి వందతో గుణిస్తే 23.3 శాతం. గంధకం ఇదే విధంగా 18.6 శాతం. మిగిలిన దానిలో నీరే 20.9 శాతం. అంటే స్వచ్ఛమైన జిప్సం అయినా అయిదు సంచుల్లో ఒక సంచి బరువు నీటిదే.

వేరుశనగకు తొలిపూత దశలో ఎకరాకు 200 కిలోల జిప్సంను మొక్కల మొదళ్ళ దగ్గర వేసి మట్టిని ఎగదోయాలని సిఫారసు చేస్తున్నాము. ఊడలు నేలలోకి దిగిన తరువాత కాయ తనకు కావలసిన కాల్షియంను చుట్టూ ఉన్న మట్టి నుండే నేరుగా గ్రహిస్తుంది. వేరు తీసుకున్న కాల్షియం కాయకు చాలినంతగా చేరదు. అందుకే కాయ ఊరే పొరలోనే కాల్షియం అందుబాటులో ఉండాలి. స్వచ్ఛమైన 200 కిలోల జిప్సం 46.6 కిలోల కాల్షియంను, 37.2 కిలోల గంధకాన్ని ఇస్తుంది. సరుకు స్వచ్ఛత 70 శాతమైతే కాల్షియం 32.6 కిలోలకు తగ్గుతుంది.

3. చౌడు నేలలో లెక్క తప్పితే

కుందూ పరివాహక ప్రాంతంలోని నల్లరేగడి నేలల్లో మురుగు పోయే దారిలేని లోతట్టు పొలాలు అక్కడక్కడ కారుచౌడుగా మారుతుంటాయి. మట్టి రేణువులపై సోడియం పేరుకొని బంకమట్టి విడిపోతుంది. రంధ్రాలు మూసుకొని నీరు కిందికి ఇంకదు. తడిసినప్పుడు ముద్దగా, ఆరినప్పుడు రాయిగా ఉండే ఈ నేలకు జిప్సంలోని కాల్షియమే మందు.

నా ఉద్యోగం తొలి రోజుల్లో ఇటువంటి ఒక పొలానికి జిప్సం మోతాదు లెక్కించి ఇచ్చాను. పై లెక్కలోని నాలుగో వరుస దగ్గరే ఆగి 136.14తో గుణించాను. రైతు చెప్పినట్లే వేశాడు. మరుసటి ఏడు వెళ్ళినప్పుడు, "సార్, మీరు రాసిచ్చినంతా వేస్తిమి గదా, నీళ్ళు ఇంకా పైనే నిలబడతాండాయే" అన్నాడు. నేల బాగుపడకపోవడానికి మురుగు కాలువ సరిగా లేకపోవడం వంటి కారణాలు కూడా ఉండవచ్చు. కాని కాగితం తిరగేసి చూసుకుంటే లెక్కలో లోపం నాదే అని తేలింది. ఆ లోపం ఎంతటిదో కింది ఉదాహరణ చెబుతుంది.

ఒక నేల ధనాయాన వినిమయ శక్తి కిలో మట్టికి 40 సెంటీమోళ్ళ ఆవేశం అనుకుందాము. పాత పుస్తకాల్లో వంద గ్రాములకు 40 మిల్లీ తుల్యాంకాలు అని ఉండేది ఇదే. వినిమయ సోడియం 20 శాతం ఉంది. దానిని 15 శాతానికి తగ్గించాలంటే 40లో 5 శాతం, అంటే 2 సెంటీమోళ్ళ సోడియంను తొలగించాలి.

ఒక సెంటీమోలు అంటే 10 మిల్లీమోళ్ళు. కాల్షియంకు రెండు ఆవేశాలు ఉండడం వలన ఒక కాల్షియం రెండు సోడియంలను తొలగిస్తుంది. కనుక ఒక సెంటీమోలు సోడియంకు 5 మిల్లీమోళ్ళ జిప్సం చాలు. ఇది మరచి 10 వేస్తే మోతాదు రెట్టింపు అవుతుంది. విద్యార్థులు తరచుగా చేసే రెండో తప్పు ఇదే.

5 మిల్లీమోళ్ళు × 172.17 = కిలో మట్టికి 861 మిల్లీగ్రాముల జిప్సం.

ఎకరాలో 15 సెం.మీ. లోతు వరకు ఉన్న మట్టి, స్థూల సాంద్రత 1.5 అయితే, సుమారు 9.1 లక్షల కిలోలు ఉంటుంది. ఆ మట్టిలో ఒక సెంటీమోలు సోడియంను తొలగించడానికి 783 కిలోలు, రెండింటికి 1,567 కిలోల స్వచ్ఛమైన జిప్సం కావాలి. సరుకు స్వచ్ఛత 70 శాతమైతే 1,567ని 0.70తో భాగించాలి. అప్పుడు 2,238 కిలోలు, అంటే 50 కిలోల సంచులు దాదాపు 45 వస్తాయి.

ఇదే లెక్కను 136.14తో చేస్తే 1,770 కిలోలు, 35 సంచులకు కొంచెం పైన వస్తుంది. తేడా 468 కిలోలు, అంటే తొమ్మిది సంచులకు మించిన లోటు. ప్రయోగశాల విశ్లేషణ సరిగానే ఉంటుంది, రైతు శ్రమా తగ్గదు, సరుకూ మంచిదే కావచ్చు. అయినా స్ఫటిక జలాన్ని విస్మరించిన ఒక్క వరుస వలన నేలకు అందవలసిన కాల్షియంలో అయిదో వంతు అందదు.

గంధకం వాడదలచినప్పుడు కూడా మోలార్ ద్రవ్యరాశే దారి చూపుతుంది. సున్నం ఉన్న నేలలో మూలక గంధకం వేస్తే థయోబాసిల్లస్ వంటి సూక్ష్మజీవులు దానిని గంధకామ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లం మట్టిలోని కాల్షియం కార్బొనేటుతో కలిసి నేలలోనే జిప్సం తయారవుతుంది. ఒక గంధకం పరమాణువు ఒక జిప్సంకు మూలం కనుక 32.06 కిలోల గంధకం 172.17 కిలోల జిప్సంకు సమానం. పై ఉదాహరణలోని 1,567 కిలోల జిప్సంకు బదులు 292 కిలోల గంధకం సరిపోతుంది. అయితే దీనికి రెండు షరతులు ఉన్నాయి. నేలలో సున్నం ఉండాలి, సూక్ష్మజీవులు పనిచేయడానికి తగిన తేమ, వ్యవధి ఉండాలి. వర్షాధారపు పొలంలో ఈ రెండో షరతు నెరవేరడం కష్టం.

4. రెండు జింకు సల్ఫేటులు

అంగడిలో జింకు సల్ఫేటు రెండు రూపాల్లో దొరుకుతుంది. ఒకదానిలో ప్రతి జింకు సల్ఫేటుతో ఏడు నీటి అణువులు, మరొకదానిలో ఒకే నీటి అణువు ఉంటాయి. సంచిపై పెద్ద అక్షరాలలో ఉండే పేరు రెండింటికీ ఒకటే. "అదీ జింకే, ఇదీ జింకే, తూకం ఎందుకు మారాల?" అని రైతు అడగడం సహజం. సమాధానం ఈ లెక్కలో ఉంది.

నిర్జల జింకు సల్ఫేటు: 65.38 + 32.06 + 64.00 = 161.44
ఏడు నీటి అణువులతో: 161.44 + 126.11 = 287.55, జింకు 22.7 శాతం
ఒక నీటి అణువుతో: 161.44 + 18.02 = 179.46, జింకు 36.4 శాతం

ఇవి పూర్తిగా స్వచ్ఛమైన లవణాల విలువలు. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు, 1985 ప్రకారం మొదటి రూపంలో కనీసం 21 శాతం, రెండో రూపంలో కనీసం 33 శాతం జింకు ఉండాలి. వరిలో ఆఖరి దమ్ములో ఎకరాకు 20 కిలోలు వేయాలన్న సిఫారసు మొదటి రూపాన్ని ఉద్దేశించినది. దాని నుండి 4.2 కిలోల జింకు అందుతుంది. అంతే జింకును రెండో రూపంలో ఇవ్వాలంటే 4.2ని 0.33తో భాగించగా 12.7 కిలోలు చాలు. ఇది తెలియక 20 కిలోలు వేసినవారు ఏడు కిలోలకు పైగా డబ్బు వృథా చేస్తున్నారు.

పిచికారీలో తేడా మరింత ముఖ్యం. లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున మొదటి రూపాన్ని కలిపితే లీటరులో 0.42 గ్రా. జింకు ఉంటుంది. రెండో రూపాన్ని 2 గ్రాములే కలిపితే 0.66 గ్రా. ఉంటుంది. అంటే గాఢత 1.57 రెట్లు పెరిగింది. లేత ఆకులు మాడే ప్రమాదం ఇక్కడే వస్తుంది. రెండో రూపానికి లీటరుకు 1.3 గ్రాములు మించరాదు.

మన వేసవి ఈ లెక్కకు మరొక మలుపు ఇస్తుంది. ఏడు నీటి అణువుల జింకు సల్ఫేటు సుమారు 39 డిగ్రీల సెల్సియస్ దాటితే ఒక నీటి అణువును కోల్పోయి ఆరు అణువుల రూపానికి మారుతుంది. కర్నూలు, కడపలలో ఏప్రిల్, మే నెలల ఎండ 40 డిగ్రీలు దాటడం ఏటా చూస్తున్నదే. రేకుల కొట్టంలో మూతి విప్పి ఉంచిన 20 కిలోల సంచి పూర్తిగా ఇలా మారితే దాదాపు 18.75 కిలోలు తూగుతుంది. పోయినది నీరే గాని జింకు కాదు. తూకం తగ్గిందని ఆ సంచిని కల్తీగా భావించనవసరం లేదు. పాత సంచిని వాడేటప్పుడు తూకం వేసి 20 కిలోలు నింపవలసిన పనీ లేదు.

స్ఫటిక జలం ఉనికిని విద్యార్థులకు చూపడానికి మైలుతుత్తం అనువైనది. దానిలో అయిదు నీటి అణువులు ఉన్నాయి. మోలార్ ద్రవ్యరాశి 249.69, అందులో నీరు 36 శాతం. ప్రయోగశాలలో పది గ్రాముల నీలి స్ఫటికాలను పింగాణీ మూసలో బాగా వేడిచేస్తే తెల్లని పొడిగా మారి సుమారు 6.4 గ్రాములు మిగులుతుంది. చల్లారిన తరువాత రెండు చుక్కల నీరు వేస్తే నీలిరంగు మళ్ళీ వస్తుంది. కాగితంపై చేసిన లెక్కను తక్కెడపై చూసిన విద్యార్థి ఆ తరువాత స్ఫటిక జలాన్ని మరువడు.

అన్నభేదికి ఏడు నీటి అణువులు ఉంటాయి. దాని మోలార్ ద్రవ్యరాశి 278.02, ఇనుము 20.1 శాతం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది కలిపితే లీటరులో ఒక గ్రాము ఇనుము ఉన్నట్లు. అయితే గాలి తగిలి గోధుమరంగుకు మారిన అన్నభేదిలో ఇనుము శాతం ఎంత ఉన్నా, మొక్కకు ఉపయోగపడే ఫెర్రస్ రూపం తగ్గిపోయి ఉంటుంది.

5. మోలార్ ద్రవ్యరాశి చెప్పని విషయాలు

పై వాక్యం ఒక హద్దును సూచిస్తున్నది. మోలార్ ద్రవ్యరాశి సమ్మేళనంలో ఏమి ఎంత ఉందో చెబుతుంది. అది మొక్కకు అందుతుందా లేదా అన్నది చెప్పదు.

పూర్వపు కడప జిల్లా ఓబులవారిపల్లె మండలంలోని మంగంపేట ముగ్గురాయి నిక్షేపాలు ప్రపంచంలోని పెద్ద నిక్షేపాలలో ఒకటి. ముగ్గురాయి రసాయనికంగా బేరియం సల్ఫేటు. దాని మోలార్ ద్రవ్యరాశి 137.33 + 32.06 + 64.00 = 233.39, గంధకం 13.7 శాతం. ఇంత గంధకం ఉన్నప్పుడు దగ్గరలో దొరికే ఈ పొడిని పొలానికి వేయరాదా అని విద్యార్థులు అడుగుతుంటారు. శాతం లెక్క తప్పు కాదు. కాని లీటరు నీటిలో జిప్సం సుమారు రెండున్నర గ్రాములు కరిగితే, బేరియం సల్ఫేటు సుమారు రెండున్నర మిల్లీగ్రాములు మాత్రమే కరుగుతుంది. వెయ్యి రెట్ల తేడా. కరగని గంధకం వేరుకు అందదు. చమురు బావుల తవ్వకంలో బరువైన బురదగా ముగ్గురాయి పనికివచ్చేది కూడా దాని అధిక సాంద్రత, కరగని గుణం వల్లనే. ఒకచోట దోషమైన గుణం మరొకచోట ప్రయోజనమైంది.

రెండో హద్దు స్వచ్ఛత. సంచిలో ఉన్నది చెప్పిన సమ్మేళనమే అయినప్పుడు మాత్రమే లెక్క నిలుస్తుంది. జింకు సల్ఫేటులో ఎక్కువగా జరిగే కల్తీ మెగ్నీషియం సల్ఫేటుతో. దానికీ ఏడు నీటి అణువులే, తెల్లని స్ఫటికాలే. మోలార్ ద్రవ్యరాశి 246.48, జింకు మాత్రం సున్న. చూపుతో తేడా పట్టలేము. డి.ఎ.పి.ని నీటిలో కరిగించి వడకట్టిన ద్రావణానికి జింకు సల్ఫేటు ద్రావణాన్ని కలిపితే చిక్కని ముద్దవంటి అవక్షేపం ఏర్పడుతుంది. మెగ్నీషియం సల్ఫేటుతో అలా ఏర్పడదు. ఇది ప్రాథమిక పరీక్ష మాత్రమే. శాతం నిర్ధారణకు నమూనాను ఎరువుల పరీక్ష ప్రయోగశాలకు పంపాలి. జింకు సల్ఫేటును భాస్వరపు ఎరువులతో కలిపి వేయరాదని చెప్పడానికి కారణం కూడా ఈ అవక్షేపమే.

6. ముగింపు

మోతాదును సిఫారసు చేసేవారు కాగితంపై నాలుగు ప్రశ్నలకు వరుసగా సమాధానం రాసుకోవాలి. సంచిలోని సమ్మేళనంలో నీటి అణువులు ఎన్ని? వాటితో కలిపి మోలార్ ద్రవ్యరాశి ఎంత? సరుకు స్వచ్ఛత ఎంత శాతం? అది నేలలో కరుగుతుందా? ఈ నాలుగూ తెలిసిన తరువాతే ఎకరాకు కిలోలు చెప్పాలి. విస్తరణ సిబ్బంది చీటీపై "జింకు సల్ఫేటు 20 కిలోలు" అని మాత్రమే రాయక, ఏ రూపమో, జింకు ఎంత శాతమో కూడా రాయడం మంచిది.

వర్షం తక్కువైన సీమలో రైతు ప్రతి చుక్క నీటినీ లెక్కపెట్టి వాడతాడు. అతనికి మోతాదు రాసిచ్చే మనం స్ఫటికంలోని నీటిని లెక్కించకుండా వదిలివేయడం తగదు. నాటి నా పొరపాటు వలన ఆ పొలానికి రెండో విడత జిప్సం వేయవలసి వచ్చింది. చీటీపై ఒక్క వరుస సరిగా రాసి ఉంటే ఆ రైతుకు ఒక పంటకాలం మిగిలి ఉండేది.